డబ్బాలో వెంట్రుక

మార్చి పదమూడు, గురువారం
వంటగది పైనున్న గది నుంచి

అక్కకూ, అక్క చదువుతుంటే పక్కన కూర్చుని వింటున్న అమ్మకూ నమస్కారాలు. బావగారికి కూడా నమస్కారాలే. కానీ ఆయన భోంచేస్తూ ఉంటే మాత్రం ఈ ఉత్తరం తర్వాత చదువు. ఇందులో నోట్లో ముద్ద పెట్టుకుని వినే మాటలు లేవు. ఇక్కడ మేమందరం క్షేమం. అంటే, మెడ కింద నుంచి క్షేమం. మెడ పైన సంగతి చెప్పడానికే రాస్తున్నాను.

అక్కా, ముందే ఒక మాట. సంతకం దాకా ఉన్నదంతా అమ్మకు వినిపించు. సంతకం కింద ఉన్నది నీకొక్కదానికే. ఇంకేమైనా రాసిందా అని అమ్మ అడిగితే, లేదు, కాగితం అయిపోయిందట అని చెప్పు. ఈ ముక్క కూడా మింగేసెయ్యి.

నాకు ఫోన్‌లో మాట రాదని మీకు తెలుసు. ఆయన ఫోన్ కలిపి నా చేతికిచ్చి ఎదురుగానే నిలబడతారు. బాగున్నావా అంటారు మీరు, బాగున్నాను అంటాను నేను, అక్కడితో సరి. రాసేటప్పుడైతే ఎవరూ నా మొహం చూడరు. బడి మానేసి ఇన్నేళ్ళయినా రాయడం మరిచిపోలేదు, అక్షరాలే కాస్త వంకరపోయాయి. సర్దుకుని చదువుకోండి.

ముందు పాప సంగతి. బాగా ఒళ్ళు చేసింది. మెడ నిలుపుతోంది. ఎవరు కనిపించినా పిడికిలి మొత్తం నోట్లో కుక్కుకుని చూపిస్తుంది, అదేదో పెద్ద విద్య అయినట్టు. తల మీద మాత్రం ఒక్క వెంట్రుక మొలవలేదు. నున్నటి గుండు. ఇంట్లో అందరూ దాన్ని గుండూ అనే పిలుస్తారు. పిలిస్తే నవ్వుతుంది కూడా.

ఇక నా జుట్టు. అమ్మా, నా తల దువ్వుతూ నువ్వు ఎన్ని దువ్వెనలు విరగ్గొట్టావో గుర్తుందా? విప్పితే చాలు, చిరిగిన పరుపులోంచి దూది పొంగినట్టు ఉంగరాలు ఉంగరాలుగా పొంగేది. చెంబుతో నీళ్ళు పోస్తే పైపైనే జారిపోయేవి కానీ లోపల తడిసేది కాదు. అక్క దాన్ని పిచ్చుకగూడు అనేది, చివరకు నన్నే పిచ్చుకగూడూ అని పిలిచేది. పాపకు మూడో నెల వచ్చాక ఆ గూడు పీచుపీచుగా ఊడటం మొదలుపెట్టింది.

ఊడటం అంటే దువ్వెనకు నాలుగు వెంట్రుకలు రావడం అనుకునేదాన్ని. అలా కాదు. స్నానం చేస్తుంటే నీళ్ళు పోవు, మడమల దాకా నిలిచిపోతాయి. తూములో వేలు పెట్టి లాగితే సబ్బు జిగురు పట్టిన నల్లటి ముద్ద వస్తుంది, చచ్చిన ఎలుకను తోక పట్టుకుని లాగినట్టు. సబ్బు మీద వెంట్రుక, తలగడ మీద వెంట్రుక, కాలివేళ్ళ మధ్య వెంట్రుక. పాప పాలు కక్కితే ఆ కక్కిన దానిలో వెంట్రుక. ఒకరోజు దాని గుడ్డలు మారుస్తుంటే, దొడ్డికి వెళ్ళిన దానిలో కూడా ఒకటి కనిపించింది. నా తలలోంచి ఊడి, దాని నోట్లోకి పోయి, పొట్టంతా తిరిగి మళ్ళీ నాకే కనిపించింది. ఆ రోజు నేను అన్నం తినలేకపోయాను. ఏదో చచ్చిపోయినదాన్ని నా మెడ మీద తగిలించి తిప్పుతున్నట్టు ఉండేది. నా తల నేను ముట్టుకోవాలంటేనే రోత పుట్టేది.

ఇంకెవరింట్లో అయినా ఇది ఆ ఇంటి గదుల్లోనే ఉండిపోయేది. మాది కింద వంట, పైన కాపురం. తెల్లారకముందే పొయ్యిలు వెలిగిస్తాం. మా అత్తగారు వండుతారు. కూరలు తరిగే ఆవిడ నోరు ఎప్పుడూ మూతపడదు కాబట్టి అందరం ఆమెను రేడియో అంటాం, ఆమె కూడా పలుకుతుంది. వండినదంతా స్టీలు డబ్బాల్లో సర్ది మూతలు బిగించడం నా పని. ఆయన బండి మీద ఆఫీసులకు తిప్పి ఇచ్చి, ఖాళీవి సాయంత్రానికి తెస్తారు.

అత్తగారు శుభ్రం దగ్గర నిప్పులాంటి మనిషి. గరిటె కింద పెడితే మళ్ళీ కడిగించేదాకా ముట్టరు. ఆవిడ కొప్పు చూస్తేనే ఆ సంగతి తెలిసిపోతుంది. నల్లగా, నున్నగా, ఒక్క పోగు పక్కకు పోకుండా పిడికిలంత కొప్పు. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ అది విడిపోగా చూడలేదు. గది గడియ వేసుకునే తల దువ్వుకుంటారు. మన ఇంట్లోలా గుమ్మంలో కూర్చుని దువ్వుకోవడం అంటే ఆవిడకు గిట్టదు.

ఒక సాయంత్రం ఆయన ఒక నిండు డబ్బా వెనక్కి తెచ్చారు. ఆఫీసులో లెక్కలు రాసే ఒకావిడ తిప్పి పంపింది. వంటగది గట్టు మీద పెట్టి మూత తీశారు. మూత లోపల, రబ్బరు పట్టీ పక్కన, గడ్డకట్టిన కూర జిడ్డులో పొడుగాటి వెంట్రుక ఒకటి గీతలా అతుక్కుని ఉంది. ఆయన ముక్కు మూసుకున్నారు. రేడియో వంగి చూసి, అమ్మగారూ, ఇది కూర డబ్బానా, సవరాల డబ్బానా అంది. ఎప్పుడూ దాని మాటలకు నవ్వే అత్తగారు ఆ రోజు, నోరు మూసుకుని పని చూసుకోవే అని కసిరారు. తర్వాత, ఇంకెవరిదవుతుంది, ఈ ఇంట్లో కుక్కలా జుట్టు రాలుస్తున్నది ఒక్కతేగా అన్నారు.

అందరూ నా తల వైపు చూశారు. నేను నేల వైపు చూశాను. ఆ డబ్బా కడగమని నాకే ఇచ్చారు. కళ్ళు మూసుకునే కడిగాను.

మర్నాటి నుంచి నన్ను డబ్బాల దగ్గరకు రానివ్వలేదు. తలకు గుడ్డ కట్టించి, పెరటి వైపు గిన్నెలు తోమే చోట కూర్చోబెట్టారు. పొద్దస్తమానం కట్టుకునే ఉండాలి. నా వంటింట్లో ఇన్నేళ్ళలో వెంట్రుక అన్న మాట పుట్టలేదు, ఈ మహాతల్లి వచ్చాక పుట్టింది అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. రేడియో నన్ను నవ్వించాలనే అంటుంది కానీ అది కూడా గుచ్చుకునేది. చిన్నమ్మా, తల్లి తల మీదది ఊడిపోతోంది, పిల్ల తల మీదకు చేరడం లేదు, మధ్యదారిలో ఎవరు కొట్టేస్తున్నారో కనుక్కో అనేది.

నీ మరిది సంగతి విను అక్కా. ఒకరోజు తింటూ తింటూ ఆగి, నోట్లో వేలు పెట్టి లాగారు. వచ్చింది. వస్తూనే ఉంది. పెరట్లోకి పరిగెత్తి కక్కుకున్నారు. అప్పటి నుంచి పళ్ళేన్ని కిటికీ వైపు వంచి, అన్నాన్ని కోడి గింజలు ఏరినట్టు ఏరి గానీ ముద్ద పెట్టుకోరు. పక్క నిండా నీ జుట్టే, ఒళ్ళంతా దురద అని చాప తీసుకుని కింద డబ్బాల గదికి వెళ్ళిపోయారు. చెడ్డ మనిషి కాదమ్మా. నేనే ఆయనైతే నేనూ వెళ్ళిపోయేదాన్నేమో. కానీ వెళ్ళేటప్పుడు తలగడను రెండు వేళ్ళతో పట్టుకుని దులపడం చూశాను. అది మరిచిపోలేకపోతున్నాను.

ఇవన్నీ ఓర్చుకున్నాను. అసలు దెబ్బ పాప కాలికి తగిలింది.

ఆ రోజు పొద్దున పాపకు అత్తగారే స్నానం చేయించి, చలిగా ఉందని మేజోళ్ళు తొడిగి నాకిచ్చారు. కాసేపటికి ఏడుపు మొదలుపెట్టింది. పాలిస్తే తాగదు, ఎత్తుకుంటే ఆగదు. కడుపునొప్పి అన్నారు అత్తగారు. చెవిపోటు అంది రేడియో. ఏడ్చి ఏడ్చి గొంతు కీచుమనేసరికి ఆయన బండి తీశారు, అత్తగారూ వెంట వచ్చారు. ఆసుపత్రిలో నర్సు వచ్చి బట్టలన్నీ విప్పమంది. చివరగా మేజోళ్ళు లాగింది. ఎడమకాలి బొటనవేలు పండుమిరపకాయలా ఎర్రగా ఉబ్బి ఉంది. వేలి మొదలు చుట్టూ ఒక గాడి. ఆ గాడి లోపల వెంట్రుక.

నర్సు కళ్ళజోడు మార్చుకుని, సన్నటి పట్టకారుతో, కొసలు కత్తిరించి కత్తిరించి తీసింది. పాప అరుపుకు నా చెవులు మూసుకుపోయాయి. తీసిన దాన్ని తెల్లటి పళ్ళెంలో వేసింది. చిన్న చిన్న గీతలు గీసినట్టు తిన్నగా పడి ఉన్నాయి ముక్కలు. అత్తగారు వంగి చూశారు. నేను ఒక్కసారి చూసి మొహం తిప్పుకున్నాను. ఇంకాస్త ఆలస్యమైతే వేలు నల్లబడేది అంది నర్సు. నన్ను తిట్టలేదు. కాన్పు అయ్యాక చాలామందికి ఇలా ఊడుతుందమ్మా, కొన్ని నెలలకు అదే ఆగి మళ్ళీ వస్తుంది, నీ తప్పేం లేదు, మేజోళ్ళు తొడిగే ముందు తిరగేసి వెలుతురుకు పట్టి చూసుకో, అంతే అంది. ఆ చివరి మాటలు ఎవరూ వినిపించుకోలేదు. బయట బెంచీల మీద కూర్చున్న వాళ్ళందరికీ అత్తగారు, తల్లి జుట్టేనండీ, ఏం చేస్తాం, కన్నతల్లే ఉరి బిగించింది అని చెప్పుకుంటూ వచ్చారు.

ఇంటికి రాగానే ఉయ్యాలను ఆవిడ గదిలోకి మార్చారు. పాపకు ఆకలైనప్పుడు నన్ను పిలుస్తారు. నేను తలగుడ్డ బిగించుకుని, చేతులు మోచేతుల దాకా కడుక్కుని, ఆవిడ మంచం అంచున కూర్చుని పాలిచ్చి లేచి రావాలి, బ్యాంకులో పని చూసుకుని వచ్చినట్టు. బుగ్గకు బుగ్గ ఆనించబోతే, ఊఁ అనేవారు గుమ్మంలోంచి. గోడ అవతల అది ఏడిస్తే గోడ ఇవతల నా జాకెట్టు తడిసిపోయేది. నాది అని చెప్పుకోవడానికి ఈ ఇంట్లో ఉన్నది అదొక్కటేనమ్మా. పాపను మన గదికి తెచ్చుకుందామా అని ఆయన్ను అడిగాను. పెళ్ళయ్యాక నోరు తెరిచి నేను అడిగిన మొదటి కోరిక అది. ముందు నీ తల సంగతి చూసుకో అన్నారు. నాతో కాదు, గోడ మీది క్యాలెండరుతో.

ఆ తర్వాత ఇంకో డబ్బా వెనక్కి వచ్చింది. అప్పుడు నేను డబ్బాల దరిదాపుల్లోనే లేను, గిన్నెల దగ్గర మసిలో ఉన్నాను. అయినా గాలికి ఎగిరొచ్చి పడి ఉంటుంది అన్నారు. కాబోలు అనుకున్నాను నేను కూడా.

ఇదంతా విని బెంగపెట్టుకోకండి. పోయిన బుధవారం అత్తగారు తనంతట తానే ఉయ్యాల మోసుకొచ్చి నా గదిలో పెట్టారు. పాప ఇప్పుడు నా పక్కనే ఉంది, ఇది రాస్తుంటే కాగితం అంచు నమలాలని చూస్తోంది. కింద మూల తడిగా ఉంటే అది దాని సంతకం. వంటగదిలో కూడా కొత్త పద్ధతి వచ్చింది. అత్తగారితో సహా అందరూ తలకు గుడ్డ కట్టాల్సిందే. మనం వంటవాళ్ళమా, దొంగల ముఠానా అని రేడియో ఒకటే గొణుగుడు. డబ్బాలేవీ వెనక్కి రావడం లేదు.

అమ్మా, జుట్టు మళ్ళీ వస్తుందని నర్సు చెప్పింది కదా. వచ్చాక నీ ముందే కూర్చుంటాను. గట్టి దువ్వెన ఒకటి కొని పెట్టుకో. అక్కా, బావగారు తినడం అయ్యాకే చదివావని నమ్ముతున్నాను.

ఉంటాను.
మీ
పిచ్చుకగూడు

తాజా కలం: అక్కా, అమ్మ లేచి లోపలికి వెళ్ళిందా? వెళ్ళాకే చదువు.

గూడు లేదక్కా. పాపను ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజే తీసేశాను. ఆయన గడ్డం గీసుకునే మిషన్ పట్టుకుని స్నానాల గదిలోకి వెళ్ళి, చేతికి తగిలినంత మేరా గీసేశాను. ఏడుపు వస్తుందనుకున్నాను, వాంతి వచ్చింది. అమ్మ నూనె పెట్టి పెంచిన జుట్టు ఒక పిండి సంచిలో కుక్కి, మూతి కట్టి, వీధి చివర చెత్తకుండీలో నా చేత్తోనే వేసి వచ్చాను. అమ్మకు చెప్పకు. చూపు మందగించాక అమ్మ నన్ను ఆ జుట్టు వేళ్ళతో తడిమే గుర్తుపడుతోంది. అది కూడా లేదని తెలిస్తే తట్టుకోలేదు.

తలగుడ్డ ఎలాగూ ఉంది కదా, ఎవరికీ తెలియలేదు. రెండో డబ్బా వెనక్కి వచ్చింది ఆ తర్వాతే. అప్పుడు కూడా నాదే అనుకున్నాను, చూడు. ఎక్కడో మూల అంటుకున్న పాతదేమో అనుకున్నాను. గుండుతో నిలబడి నా జుట్టేనని తల వంచుకున్నాను. మొదటి రోజు నుంచీ ఎవరూ ఆ వెంట్రుకను సరిగ్గా చూడలేదక్కా. నేనూ చూడలేదు. అసహ్యం చూడనివ్వదు. చూసి ఉంటే మూత మీదదైనా, పళ్ళెంలోదైనా తెలిసిపోయేది. నాది తిన్నగా పడుకునే జుట్టా?

బుధవారం పాలివ్వడానికి ఆవిడ గదికి వెళ్ళాను. పాప చూపుడు వేలికి ఏదో తళుక్కుమంది. అప్పుడే చుట్టుకుంటోంది, ఇంకా బిగియలేదు. ఈసారి మొహం తిప్పుకోలేదు. విప్పి కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి చూశాను. పొడుగ్గా, దారంలా తిన్నగా ఉంది. ఒక కొసన ఆవగింజంత జిగురు ఉండ.

అప్పుడే అత్తగారు వచ్చారు. మళ్ళీనా, దాని ప్రాణం తీసేదాకా వదలవా అన్నారు. తలగుడ్డ ముడి విప్పేశాను.

ఆవిడ నా గుండు వైపు చూశారు. తర్వాత నా చేతిలోని వెంట్రుక వైపు చూశారు. వెళ్ళి తలుపు గడియ వేసి, అద్దానికి వీపు పెట్టి కూర్చుని, పిన్నులు ఒక్కొక్కటే లాగారు. కొప్పుతో సహా తల మీది జుట్టంతా చేతిలోకి వచ్చేసింది, గిన్నె మీది మూత వచ్చినట్టు. కింద కుట్లు ఊడిన గుడ్డ పట్టీ, దానికి జిగురు, జిగురుకు చెమట, పొయ్యి పొగ, నూనె. నెలల తరబడి మూసి ఉంచిన డబ్బా మూత తీస్తే వచ్చే వాసన. మాడు మీద నాలుగు తెల్ల పోగులు, మిగతాదంతా ఎర్రటి పుండు.

మీ ఆయన పుట్టాక పోయింది అన్నారు. వస్తుంది వస్తుంది అనుకున్నాను, రాలేదు, మీ మామగారు పోయేదాకా కూడా ఆయనకు చూపించలేదు అన్నారు. కుట్లు ఊడుతుంటే బాగుచేయించడానికి దుకాణానికి వెళితే ఎవరైనా చూస్తారని భయపడి, తనే జిగురు పెట్టుకున్నారట. వంట ఆవిరికి అది కరిగేది. డబ్బాల సంగతి నాకు మొదటి రోజే తెలుసమ్మా, వేలి సంగతి ఒట్టు, అది నీదే అనుకున్నాను అన్నారు. నమ్మాలో వద్దో నాకు తెలియదు. ఆసుపత్రి పళ్ళెం నాకంటే దగ్గరగా ఆవిడే చూశారు. నీదే అనుకున్న మనిషి, పాపను తీసుకెళ్ళి ఆ జిగురు కొప్పు పక్కన పడుకోబెట్టారు.

జాలి పడాలి కదా. కంపరమే వేసిందక్కా. ఆ పుండును చూసి కాదు, ఆ వాసనకూ కాదు. కుక్కలా రాలుస్తున్నది ఒక్కతేగా అన్నప్పుడు ఆ కొప్పు ఎంత నున్నగా ఉందో గుర్తొచ్చి.

ఎవరికీ చెప్పకమ్మా, పరువు పోతుంది అన్నారు. నా నోటి నుంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు, ఉయ్యాల నా గదిలో పెట్టండి అన్నాను. పెట్టిస్తాను అన్నారు. మీరే పెట్టండి అన్నాను. ఆ కొప్పు మళ్ళీ వంటగదిలోకి తీసుకురాకండి, గుడ్డ కట్టుకోండి అని కూడా అన్నాను. ఆవిడ ఆయాసపడుతూ ఉయ్యాల ఈడ్చుకొస్తుంటే నేను సాయం పట్టలేదు. పాపను ఎత్తుకుని వెనక నడిచాను.

బేరం బేరమే కాబట్టి మాట నిలబెట్టుకుంటున్నాను. రేడియోకీ, ఆ లెక్కలావిడకీ, ఊళ్ళో అందరికీ ఆ వెంట్రుకలు ఇప్పటికీ నావే. ఇలా పిల్లను బేరమాడి తెచ్చుకున్నందుకు నా మీద నాకు కూడా కొంచెం రోతగానే ఉంది. నీ మరిదికి ఇంకా ఏమీ తెలియదు. ఒకే ఇంట్లో ఉంటూ పెళ్ళాం తల మీద జుట్టు ఉందో లేదో తెలియని మనిషిని ఏమనాలో నాకు తోచడం లేదు. గుడ్డ విప్పి ఎదురుగా కూర్చుంటాను ఏదో ఒకరోజు. ఆ రోజు క్యాలెండరు వైపు తిరగకుండా చూస్తారేమో చూడాలి.

నా తల మీద గరుకుగా మొలుస్తోంది. పాప దాని మీద అరచెయ్యి వేసి రుద్ది, చక్కిలిగింత పుట్టినట్టు నవ్వుతుంది. కింద అత్తగారు తలగుడ్డతో పొయ్యి ముందు వంగి నిలబడటం చూస్తే, ఒక్కోసారి నాకు జాలి వేయబోతుంది. అప్పుడు పైకి వచ్చి పాప ఎడమకాలి మేజోడు తీస్తాను. బొటనవేలి చుట్టూ సన్నటి గీత ఇంకా పోలేదు. దాన్ని కాసేపు చూసుకుని, మేజోడు తిరగేసి, వెలుతురుకు పట్టి చూసి, మళ్ళీ తొడుగుతాను.